అమ్మో... పండుగప్ప ఆకలి!

కిలో బరువు పెరగాలంటే నాలుగు కిలోలకు పైగా చేపలు మింగాలి. సందు దొరికితే సొంత తమ్ముణ్నీ గుటుక్కుమనిపిస్తుంది. అయినా కొల్లేటి రైతుకి అదంటే ముద్దు, కోల్‌కతా వాళ్లకి అదంటే ప్రాణం. సముద్రంలో పుట్టి ఉప్పుటేరు దారిన మన కాలవల్లోకి వచ్చే ఈ వేటచేప ఏం తింటుంది? ఎలా తింటుంది? ఆ తిండి ఖర్చు చివరికి ఎవరి మీద పడుతుంది?

ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, ఆకివీడు... ఏ ఊరి చేపల మార్కెట్‌కి వెళ్లినా ముందు కనిపించేవి శీలావతి, బొచ్చె రాశులే. వాటి పక్కన ఐసు మీద వెండిలా మెరుస్తూ, వీపు కాస్త గూనిగా, మూతి కోసుగా ఉన్న చేప ఒకటి ఉంటుంది. ధర అడగండి. శీలావతి ధరకి కొన్ని రెట్లు చెబుతారు. అదే పండుగప్ప. హోటల్ మెనూలో ‘సీబాస్’ అన్నా, బెంగాలీలు ‘భేట్కీ’ అన్నా, ఆస్ట్రేలియా వాళ్లు ‘బారాముండి’ అన్నా అన్నీ ఈ చేప పేర్లే.

అంత ధర ఎందుకు? ముళ్లు తక్కువ, మాంసం తెల్లగా గట్టిగా ఉంటుంది, ఇగురు పెట్టినా వేపుడు చేసినా ముక్క చెదరదు. అదంతా నిజమే. కానీ రైతుని అడిగితే ఇంకో మాట చెబుతాడు: దానికి మేత వెయ్యాలి కదండీ! అసలు కథంతా ఆ మేత దగ్గరే ఉంది.

సముద్రంలో పుట్టి... కాలవల్లో పెరిగి

గోదావరి జిల్లాల వాళ్లకి పులస గురించి చెప్పక్కర్లేదు. అది సముద్రంలో బతుకుతుంది, గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురీదుతుంది. పండుగప్పది సరిగ్గా తిరగేసిన కథ. దీని పురుడు ఉప్పునీళ్లలో. సముద్రం ఒడ్డున, నదీ ముఖాల దగ్గర గుడ్లు పెడుతుంది. పిల్లలు పోటు నీటితో పాటు కాలవల్లోకి, మడ అడవుల్లోకి, మంచినీటి చెరువుల్లోకి ఎక్కుతాయి. కొన్నేళ్లు అక్కడే తిని బలిసి, ఈడు వచ్చాక మళ్లీ సముద్రం దారి పడతాయి.

కొల్లేరుకి సముద్రంతో ఉన్న దారి ఒక్కటే. అదే ఉప్పుటేరు. సరస్సు నుంచి బంగాళాఖాతం దాకా సుమారు 60 కిలోమీటర్లు. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్లు తెచ్చి పోసిన నీరంతా అందులోంచే సముద్రానికి పోవాలి. సముద్రపు పోటు కూడా అందులోంచే పైకి రావాలి. పండుగప్ప పిల్లలకి అదే రాచబాట.

ఇంకో విచిత్రం కూడా ఉంది. పండుగప్ప పుట్టాక ముందు మగ చేప. మూడు నాలుగేళ్లకి మగగా ఈడుకొస్తుంది. ఇంకొన్నేళ్లు గడిచి బాగా పెద్దదయ్యాక చాలావరకు ఆడగా మారిపోతుంది. అంటే సముద్రంలో దొరికే భారీ పండుగప్పల్లో ఎక్కువ భాగం తల్లులే. ఒక్కో తల్లి ఒక్క సీజన్లో లక్షల్లో గుడ్లు పెడుతుంది, పెద్దదైతే కోటి దాటినా ఆశ్చర్యం లేదు. ఈ చేప దాదాపు రెండు మీటర్ల పొడవు, 60 కిలోల బరువు దాకా పెరగగలదు. చెరువుల్లో ఏడాదికో ఏడాదిన్నరకో పట్టేస్తారు కాబట్టి మన ప్లేటులోకొచ్చే చెరువు చేప ఆ వయసు దాకా రానే రాదు.

నోరు కాదది, వాక్యూమ్ క్లీనర్

పండుగప్ప నోరు తెరిచి చూశారా? పైదవడ కన్ను దాటి వెనక్కి పోతుంది. పళ్లు మాత్రం చూడబోతే ఉండీ లేనట్టే. ఆకురాయి మీద గరుకులా చిన్న చిన్నవి. సొర చేపలా కోసే పళ్లు కావవి. నమిలే పని దానికి లేదు. ఏదైనా నిండుగా మింగడమే.

మరి పట్టుకోవడం ఎలా? తరమదు. కాపు కాస్తుంది. నీళ్లలో మునిగిన చెట్టు మొద్దు చాటునో, మడ వేళ్ల మధ్యో, పిల్లకాలవ పెద్ద కాలవలో కలిసే మూలనో కదలకుండా నిలబడుతుంది. ఆటు మొదలై నీరు వెనక్కి తీసేటప్పుడు చిన్న చేపలూ రొయ్యలూ ఆ మూల మీదుగానే కొట్టుకు రావాలి. అవి దగ్గరకి రాగానే నోరూ మొప్పల మూతలూ ఒక్కసారిగా విచ్చుకుంటాయి. నోటి లోపల ఒత్తిడి పడిపోతుంది. బయటి నీరు లోపలికి దూసుకొస్తుంది, ఆ నీటితోపాటు పాపం చేప కూడా. నీరు మొప్పల్లోంచి బయటికి పోతుంది. చేప లోపలే ఉండిపోతుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోగా!

నీటి పైభాగంలో ఇలా లాగినప్పుడు ‘బూఫ్’ మని పెద్ద చప్పుడు వస్తుంది. ఆస్ట్రేలియాలో గాలం వేసేవాళ్లు చీకట్లో ఆ చప్పుడు విని చేప ఎక్కడుందో పోల్చుకుంటారు.

చీకటంటే దీనికి పండగే. కంటి లోపల వెలుతుర్ని తిప్పికొట్టే పొర ఉంటుంది. రాత్రి టార్చ్ వేస్తే కళ్లు నిప్పుకణికల్లా మెరిసేది అందుకే. సందెవేళ, తెల్లవారుజామున, బురద నీళ్లలో తనకి ఎర కనిపిస్తుంది. ఎరకి మాత్రం తను కనిపించదు. దానికి తోడు ఒంటి పక్కన తల నుంచి తోక దాకా సాగే గీత ఒకటుంది. నీటిలో చిన్న కదలికని కూడా పసిగట్టేస్తుంది అది.

వయసును బట్టి మెనూ

గుడ్డులోంచి వచ్చినప్పుడు పండుగప్ప పిల్ల పొడవు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. రెండు మూడు రోజులు సొంత సొన మీద బతుకుతుంది. తర్వాత నోరు తెరుచుకుంటుంది. అక్కణ్నుంచి ఆగడం ఉండదు.

మొదటి మెనూ కంటికి కనిపించనంత చిన్న జీవాలు. హ్యాచరీల్లో అయితే మూడో రోజు నుంచి రోటిఫర్లు వేస్తారు. ఇంకాస్త ఎదిగాక ఆర్టీమియా పిల్లలు. ఆ తర్వాత మెల్లగా పొడిమేతకి అలవాటు చేస్తారు.

కాలవల్లో సొంతంగా తిరిగే పిల్లల కడుపులు కోసి చూసిన శాస్త్రవేత్తలు ఆసక్తికరమైన లెక్కలు చెప్పారు. 10 సెంటీమీటర్ల లోపు పిల్లల కడుపులో ఐదో వంతు దాకా నాచులాంటి వృక్ష ప్లవకాలు, మిగిలింది చిన్న రొయ్యలు, చేపపిల్లలు. 20 సెంటీమీటర్లు దాటాయా, ఇక నూటికి నూరు శాతం మాంసాహారమే. ఆ వయసులో 70 శాతం రొయ్యలు, చిన్న పీతలు. 30 శాతం చేపలు. ఇంకా పెద్దదయ్యేకొద్దీ రొయ్య వాటా తగ్గుతూ, చేప వాటా పెరుగుతూ పోతుంది. కొయ్యింగలు, పరిగెలు, తిలాపియాలు... ఏది దొరికితే అది. ఎంపికలేం లేవు. నోట్లో పట్టాలి, అంతే.

అందుకే ఉప్పునీటి రొయ్యల రైతుకి పండుగప్ప పేరు చెబితేనే ఒళ్లు మండుతుంది. నీళ్లు పెట్టేటప్పుడు జల్లెడ వల సరిగ్గా కట్టకపోతే వేలెడంత పిల్లలు లోపలికి వచ్చేస్తాయి. పట్టుబడి నాటికి రొయ్యల లెక్క తగ్గి, వలలో బొద్దుగా పండుగప్పలు తేలతాయి. ఒక గట్టుకి అవతల దొంగ, ఇవతల లక్ష్మి. చేప మాత్రం ఒకటే!

అన్నదమ్ములకీ గండమే

పండుగప్ప పెంపకంలో అసలు పరీక్ష మొదటి రెండు నెలలు. ఒకే తల్లి పిల్లలే, ఒకే రోజు పుట్టినవే. అయినా కొన్ని గబగబా ఎదిగిపోతాయి. హ్యాచరీల భాషలో వీటిని ‘షూటర్లు’ అంటారు. ఇవి పక్కనున్న చిన్నవాటిని మింగడం మొదలుపెడతాయి. మింగినది ఇంకా పెరుగుతుంది. పెరిగినది ఇంకా పెద్దవాటిని మింగుతుంది.

ఎంత పెద్దవాటిని? తన పొడవులో దాదాపు మూడింట రెండు వంతులున్న తమ్ముణ్ని కూడా! 9 సెంటీమీటర్ల పిల్ల 6 సెంటీమీటర్ల పిల్లని లోపలేసేయగలదన్నమాట. ఒక్కోసారి అత్యాశకి పోయి, గొంతులో ఇరుక్కుని రెండూ చస్తాయి.

దీనికి మందు లేదు. ఉన్నవి రెండే ఉపాయాలు. ఒకటి, కడుపు ఖాళీగా ఉంచకుండా రోజుకి చాలాసార్లు మేత వెయ్యడం. రెండు, సైజులవారీగా వేరు చెయ్యడం. నాలుగైదు రోజులకోసారి పిల్లలన్నిటినీ జల్లించి చిన్నవి ఒక హాపాలో, పెద్దవి ఇంకో హాపాలో వేస్తారు. ఈ గ్రేడింగ్ ఒక్కసారి బద్ధకించినా నర్సరీ సగం ఖాళీ అయిపోవచ్చు. నాలుగైదు అంగుళాలు దాటాక ఈ బెడద తగ్గుతుంది. పెద్ద చెరువులో వదిలేది అప్పుడే.

మన దేశంలో ఈ చేపని హ్యాచరీలో పుట్టించడం చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ ‘సీబా’ 1997లో సాధించింది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల సంస్థ ‘ఎంపెడా’ కింద నడిచే రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం కూడా తమిళనాడులో దీని హ్యాచరీ నడుపుతోంది. అంతకు ముందు సీడ్ కావాలంటే కాలవల్లో, నదీ ముఖాల్లో వలేసి ఏరుకోవాల్సిందే.

శీలావతికి తవుడు... దీనికి?

కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువు గట్టు మీద నుంచి చూస్తే నీళ్లలో వరసగా పాతిన కర్రలు, వాటికి కట్టిన బస్తాలు కనిపిస్తాయి. బస్తాకి చిల్లులు, లోపల నూనె తీసిన తవుడు, చెక్క. శీలావతి, బొచ్చె వచ్చి ఆ చిల్లుల దగ్గర మూతి పెట్టి తిని పోతుంటాయి. మన డెల్టా వరి పంటకీ, చేపల చెరువుకీ మధ్య చక్కటి ముడి అది. మిల్లులో మిగిలిన తవుడు చేపగా మారుతుంది.

పండుగప్పని తవుడుతో ఏమార్చలేం. దాని మేతలో 40 నుంచి 45 శాతం ప్రోటీన్ ఉండాలి. అందుకు మూడు దారులున్నాయి.

మొదటిది, చెరువులోనే వంటిల్లు పెట్టడం. పండుగప్ప పిల్లల్ని వదలడానికి ఒకటి రెండు నెలల ముందే చెరువులో ఆడ, మగ తిలాపియాలు వేస్తారు. హెక్టారుకి 5,000 నుంచి 10,000 దాకా. తిలాపియా పిల్లలు పెట్టడంలో దిట్ట. ఆ పిల్లలు పుడుతూనే ఉంటాయి, పండుగప్ప తింటూనే ఉంటుంది. ఎవరూ వద్దనుకునే తిలాపియా కిలోకి కొన్ని రెట్లు పలికే చేపగా మారుతుంది. లెక్క బాగుంది కానీ, చేపలు పెద్దవయ్యాక చెరువులో పుట్టేది చాలదు.

రెండోది, చిల్లర చేప. వేరే చెరువుల్లో పట్టిన తిలాపియా, పరిగెలు, లేదా సముద్రం రేవుల్లో మనుషులు కొనని చిన్నా చితకా చేపలు తెచ్చి ముక్కలు కొట్టి వేస్తారు. రోజూ ఒకే వేళకి, ఒకే చోట. నాలుగు రోజుల్లో చేపలకి టైమ్ తెలిసిపోతుంది. మనిషి గట్టు ఎక్కగానే నీళ్లు ఉడికినట్టు కదులుతాయి. అవి పైకి రావడం మానేసిన క్షణం మేత ఆపెయ్యాలి. ఎందుకంటే అడుగుకి పడినదాన్ని పండుగప్ప సాధారణంగా ఏరుకోదు. అది కుళ్లి నీటిలో ఆక్సిజన్ తినేస్తుంది. చలికాలంలో నీరు చల్లబడితే ఆకలి మందగిస్తుంది. అప్పుడు పాత లెక్కనే వేస్తే డబ్బు నీళ్లలో పోసినట్టే.

మూడోది, పెల్లెట్లు. నీటిపై తేలే గుళికలు. చిన్నప్పటి నుంచి అలవాటు చేస్తేనే ముడతాయి. ముక్క రుచి మరిగిన పండుగప్ప గుళికని నోట్లోకి లాగి ‘తూ’ అని ఊసేస్తుంది!

కిలోకి ఎన్ని కిలోలు?

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం. చిల్లర చేప వేసి పెంచితే కిలో పండుగప్ప తయారవడానికి 4 నుంచి 8 కిలోల చేప కావాలి. టన్ను పండుగప్ప అంటే 4 నుంచి 8 టన్నుల చేప. మనిషి తినే చేపని పెంచడానికి అంతకు ఎన్నో రెట్ల చేపని ఖర్చుపెడుతున్నామన్నమాట.

ఆ చిల్లర చేపలో ఏముంటుంది? కవళ్లు, నెత్తళ్లు ఉంటాయి. ఎదిగితే మంచి ధర పలికే చేపల పసిపిల్లలూ ఉంటాయి. వాటిని సన్న కన్నుల వలతో ఊడ్చేస్తే రేపటి వేట ఇవాళే మేతగా పోతుంది. ఊళ్లో పేదింటి కూరగిన్నెలోకి వెళ్లాల్సిన చవక చేప కూడా ఈ దారినే పోతుంది.

పెల్లెట్లతో అయితే కిలోకి రెండు కిలోల లోపు మేత సరిపోతుంది. ఇది నయమే. కానీ పెల్లెట్‌లో ఉండే చేపపొడి ఎక్కడిది? అదీ సముద్రానిదే. కిలో చేపపొడికి నాలుగైదు కిలోల పచ్చి చేప కావాలి. సోయా లాంటివి కలిపి ఆ వాటా తగ్గించాలని మేత పరిశోధకులు చేస్తున్న ప్రయత్నమంతా అందుకే. అక్కడా ఒక చిక్కుంది. చేప తిన్నదే దాని మాంసమవుతుంది. మేతలో చేపనూనె తగ్గించి వంటనూనెలు పెంచితే, మనం ఏ ఒమేగా-3 కోసం చేప తింటున్నామో అదే తగ్గిపోతుంది.

విక్టోరియా సరస్సులో ఏం జరిగింది?

ఇంత ఆకలి ఉన్న చేప కొల్లేట్లో తిరిగితే మిగతా చేపలు మిగులుతాయా? న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు ఆఫ్రికాలో ఉంది.

పండుగప్పకి దగ్గరి చుట్టం ఒకటుంది. పేరు నైల్ పెర్చ్. 1950ల్లో దాన్ని తెచ్చి విక్టోరియా సరస్సులో వదిలారు. మూడు దశాబ్దాలు తిరిగేసరికి ఆ సరస్సుకే సొంతమైన చిన్న చేపల్లో సుమారు 200 జాతులు కనిపించకుండా పోయాయని అంచనా. నీటి కాలుష్యం లాంటి కారణాలూ కలిశాయి గానీ, ప్రధాన ముద్దాయి ఆ చేపే.

కొల్లేట్లో అలా జరగలేదు. ఎందుకు? నైల్ పెర్చ్ మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది. పండుగప్ప పెట్టలేదు. ఎంత బలిసినా, ఎంత మింగినా, పురుటికి సముద్రానికి పోవాల్సిందే. పైగా ఇది బయటి నుంచి తెచ్చి వదిలింది కాదు, ఈ తీరంలో మొదటి నుంచీ ఉన్నది. కొల్లేట్లోని పరిగెలకీ రొయ్యలకీ దీని సంగతి తరతరాలుగా తెలుసు. దీని ఆకలికి ప్రకృతి వేసిన పగ్గం ఉప్పునీరు.

చెరువుల్లో మాత్రం ఆ పగ్గం లేదు. సీడ్ హ్యాచరీ నుంచి వస్తుంది, మేత లారీలో వస్తుంది. ఎన్ని పండుగప్పలు ఉండాలో సముద్రం కాదు, మార్కెట్ నిర్ణయిస్తుంది.

ఉప్పుటేరు ఊపిరాడాలి

పగ్గమే ఒక్కోసారి ఉరితాడు కూడా అవుతుంది. సముద్రానికి దారి ఒక్కటే అయినప్పుడు ఆ దారి మూసుకుంటే అంతే సంగతులు. కొల్లేరుని 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో సరస్సు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఇంత జరిగినా ఉప్పుటేరు కష్టాలు తీరలేదు. పూడిక, ఆక్రమణలు, డ్రెయిన్లు మోసుకొచ్చే మురికి అలాగే ఉన్నాయి.

ఇంకో సమస్య రెండు వైపులా పదునున్న కత్తి. కొల్లేట్లో నీరు తగ్గినప్పుడు పోటుకి ఉప్పునీరు పైకి ఎగదన్నుతోంది. చుట్టుపక్కల ఊళ్లకి తాగునీరు చెడుతోంది, పంట నేల చౌడు బారుతోంది. అందుకే ఉప్పుటేరుకి అడ్డంగా రెగ్యులేటర్లు కట్టాలన్న ప్రతిపాదన ఏళ్లుగా నలుగుతోంది. ఊళ్ల బాధ నిజం. దాన్ని కాదనలేం. కానీ గేట్లు దించితే ఉప్పుతో పాటు పండుగప్ప పిల్లలూ బయటే ఆగిపోతాయి. లోపల పెరిగినవి పురుటికి బయటికి పోలేవు.

రెండూ సాధ్యమేనా? ఆస్ట్రేలియాలో రాక్‌హాంప్టన్ ఊరి దగ్గర ఫిట్జ్‌రాయ్ నది మీద బ్యారేజీ ఉంది. ఉప్పునీరు పైకి రాకుండా కట్టిందే. దానికి పక్కన చేపల కోసం మెట్లు మెట్లుగా ప్రత్యేకంగా నీటి దారి పెట్టారు. అక్కడి బారాముండి, అంటే మన పండుగప్పే, ఆ దారిన పైకెక్కుతోంది. కాబట్టి ఉప్పుటేరు మీద గేట్లు కట్టే రోజు వస్తే, కాంక్రీటు లెక్కతో పాటు చేపల దారి లెక్క కూడా అదే కాగితం మీద ఉండాలి. కట్టేశాక గుర్తొస్తే లాభం లేదు.

కొనేముందు రెండు ప్రశ్నలు

ఇందులో మనం చెయ్యగలిగిందీ కొంచెం ఉంది. మార్కెట్లో పండుగప్ప కొనేటప్పుడు ‘ఇది చెరువుదా, సముద్రానిదా?’ అని అడగండి. సముద్రానిదైతే మరీ పెద్దదాని జోలికి పోకండి. అది లక్షల గుడ్లు పెట్టే తల్లి అయ్యుండొచ్చు. చెరువుదైతే రెండో ప్రశ్న వెయ్యండి: ‘ఏం మేత వేసి పెంచారు?’

మొదట్లో అమ్మేవాళ్లు వింతగా చూస్తారు. ఫర్వాలేదు. కోడిగుడ్డు దగ్గర ‘నాటుదా, ఫారందా?’ అని అడగడం మనకి అలవాటే కదా. అదే ప్రశ్న పదిమంది అడిగితే అమ్మేవాడు రైతుని అడుగుతాడు. రైతు మేత అమ్మేవాణ్ని అడుగుతాడు. ఆ మేత బస్తాలో సముద్రం వాటా ఎంతుందో చెప్పాల్సిన అవసరం అప్పుడు వస్తుంది.